మిర్తియా ఊళ్లో కజాంజాకిస్ మ్యూజియం

దగ్గరికి జరగండర్రా, మంట బాగానే అందుకుంది. బస్సులేసుకుని మన ఊరికి అంతమంది ఎందుకొస్తారని అడిగావు కదమ్మా, మన కజాంజాకిస్ మ్యూజియం చూడ్డానికి. ఆ కథ చెబుతాను విను.

మన మిర్తియాకి పాత పేరు వర్వారి. అప్పుడైనా ఇప్పుడైనా ద్రాక్షతోటలూ ఆలివ్ చెట్లూ మన ఆస్తి. ఇరాక్లియో పట్నం ఇక్కడికి పదిహేను కిలోమీటర్లు. రచయిత నికోస్ కజాంజాకిస్ పుట్టింది ఆ పట్నంలోనే, 1883లో. కానీ ఆయన తండ్రి మిహాలిస్‌ది మన ఊరు. ఇక్కణ్ణుంచి వెళ్లి పట్నంలో వ్యాపారం పెట్టుకున్నాడు. మన క్రీట్ దీవి అప్పటికింకా తుర్కుల ఏలుబడిలో ఉంది. తిరుగుబాటు లేచిందంటే పిల్లాజెల్లాతో ఓడెక్కి పారిపోవడమే. 1897లో వాళ్లూ అలాగే నక్సోస్ దీవికి వెళ్లి తలదాచుకున్నారు. ఆ తండ్రి మహా పట్టుదల మనిషి. ఆయన్ని మనసులో పెట్టుకునే నికోస్ 'కెప్టెన్ మిహాలిస్' నవల రాశాడు.

నికోస్ ఇంకో నవలలో వచ్చే జోర్బా ఎవరంటావా? యోర్గిస్ జోర్బాస్ అని నిజంగానే ఉన్నాడు. మానీ ప్రాంతంలో అతనూ నికోసూ కలిసి లిగ్నైట్ గని నడిపారు. నవలలో నికోస్ ఆ గనిని మన క్రీట్‌కి తెచ్చిపెట్టాడు, జోర్బాస్ పేరును అలెక్సిస్ అని మార్చాడు.

1957 అక్టోబరులో నికోస్ జర్మనీలో, ఫ్రైబుర్గ్‌లో పోయాడు. నేనప్పుడు చిన్నపిల్లాణ్ణి. ఆయన రాతలు మతపెద్దలకు గిట్టేవి కావు. 'చివరి ప్రలోభం' నవలను వాటికన్ నిషిద్ధ పుస్తకాల్లో చేర్చింది కూడా. అయినా ఇరాక్లియో జనం ఊరుకున్నారా? వీధుల నిండా నిలబడి సాగనంపారు. వెనీషియన్లు కట్టిన కోటగోడ మీద, మార్టినెంగో బురుజులో సమాధి చేశారు.

ఇక ఈ మ్యూజియం సంగతి. యోర్గోస్ అనెమోయానిస్ అని నాటకాలకు రంగాలంకరణ చేసే పెద్దాయన, కజాంజాకిస్‌కి బంధువు. తమ ఇల్లున్న చోటునే దీనికి ఇచ్చేశాడు. నికోస్ భార్య ఎలెనీ చేయూతనిచ్చింది. ఉత్తరాలు, చేతిరాత ప్రతులు, ఫొటోలు, దేశదేశాల అనువాదాలు, ఆయన నాటకాల్లో వేసిన దుస్తులు ఒక్కొక్కటే పోగేశాడు. 1983లో, రచయిత పుట్టి నూరేళ్లు నిండిన ఏడు, సాంస్కృతిక మంత్రి మెలీనా మెర్కూరి వచ్చి తలుపులు తెరిచింది. అంత పెద్ద నటి మన చౌరస్తాలో నిలబడిందంటే ఊరు ఊరంతా పండగే!

ఏథెన్సులో పెట్టుంటే ఇంకా ఎక్కువమంది వచ్చేవాళ్లని కొందరంటారు. నేనొప్పుకోను. తండ్రి మొండితనం, ఈ నేల తిరుగుబాట్లు, ఆయన రాతకు వేళ్లు ఇవే కదా. ఆ వేళ్లున్న చోటే ఆయన వస్తువులుండాలి. కాకపోతే అద్దాల బీరువాలో ఆ చేతిరాత చూసొచ్చి ఊరుకుంటే లాభం లేదు. ఈ చలికాలం పోయేలోపు 'కెప్టెన్ మిహాలిస్' చదవడం మొదలెట్టండి. పెద్ద పుస్తకమే, రోజూ రాత్రి ఒకరు చదవండి, మిగతావాళ్లం వింటాం.