జంక్షన్ విస్తరణ: ప్రజల మాటకు గడువు ముప్పై రోజులే

రైల్వే జంక్షన్ల అభివృద్ధి పనుల్లో ఎవరి అభిప్రాయం అడుగుతారు? అడగని వారు ఎక్కడ చెప్పుకోవాలి?

పొలం గట్టున హద్దు రాళ్లు పాతి సర్వే సిబ్బంది వెళ్లిపోతారు. నెలలు గడుస్తాయి. ఒకనాడు దినపత్రిక లోపలి పుటలో సన్నని అక్షరాలతో, సర్వే నంబర్ల పట్టికతో ఒక ప్రకటన వెలువడుతుంది. అది చదివేవారు అరుదు. చదివినా అందులో తమ నంబరును వెతుక్కునేవారు మరీ అరుదు. భూమి కోల్పోయే కుటుంబం తన అభ్యంతరం చెప్పుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు మాత్రం ఆ ప్రకటనతోనే మొదలై ముప్పై రోజుల్లో ముగుస్తుంది. ఆ తరువాత ఎన్ని ధర్నాలు చేసినా, ఎందరు ప్రజాప్రతినిధులకు వినతిపత్రాలు ఇచ్చినా అవి విన్నపాలే తప్ప హక్కులు కావు.

ఏమిటీ అభివృద్ధి?

జంక్షన్‌కు చేరువలో రైలు ‘ఔటర్‌లో’ ఆగిపోవడం ప్రయాణికులందరికీ అనుభవమే. ఒక మార్గం నుంచి వచ్చే రైలు మరో మార్గాన్ని అడ్డంగా దాటవలసి వచ్చినప్పుడు, అది దాటేవరకు మిగిలినవి సిగ్నల్ కోసం వేచి ఉండక తప్పదు. ఈ ఇబ్బందిని తొలగించడానికి రైల్వేశాఖ అనుసరించే మార్గాలు కొన్ని ఉన్నాయి. యార్డును పునర్నిర్మించి లూప్ లైన్ల పొడవు పెంచడం, పాత సిగ్నల్ వ్యవస్థ స్థానంలో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ ఏర్పాటు చేయడం ఒక తరహా. మూడో లైను వేయడం, స్టేషన్‌లోకి రాకుండానే రైళ్లు సాగిపోయేలా బైపాస్ లైను నిర్మించడం, ఒక రైలు మార్గం మీదుగా మరో మార్గాన్ని వంతెనపై దాటించడం రెండో తరహా.

సామాన్యునికి ఈ తేడా ముఖ్యమైనది. మొదటి తరహా పనులు చాలావరకు రైల్వే సొంత స్థలంలోనే జరుగుతాయి. వాటికి భూసేకరణ ప్రకటన ఉండదు కాబట్టి ఎవరి అభ్యంతరమూ అడగరు. పనులు జరిగే రోజుల్లో రైళ్ల రద్దు, దారి మళ్లింపు వివరాలు మాత్రమే ప్రకటిస్తారు. రెండో తరహా పనులు ప్రైవేటు భూముల్లోకి వస్తాయి. అందువల్ల పని ఏదైనా మొట్టమొదట తెలుసుకోవలసింది అది రైల్వే హద్దు దాటుతుందా లేదా అన్నదే.

రైల్వే స్థలంలో గుడిసెలు వేసుకుని ఏళ్ల తరబడి నివసిస్తున్నవారి పరిస్థితి వేరు. వారిని ఖాళీ చేయించేటప్పుడు 1971 నాటి ప్రభుత్వ ప్రాంగణాల చట్టం కింద చర్య తీసుకుంటే ముందు నోటీసు ఇచ్చి, వారి వివరణ వినవలసి ఉంటుంది. అక్కడ వినేది ఖాళీ చేయించవచ్చా అన్న అంశాన్నే గాని, జంక్షన్ ఎలా కట్టాలన్న అంశాన్ని కాదు.

చట్టం ఏం చెబుతోంది?

రైల్వే చట్టాన్ని (1989) 2008లో సవరించి ‘ప్రత్యేక రైల్వే ప్రాజెక్టు’ల కోసం భూసేకరణ అధ్యాయాన్ని చేర్చారు. కేంద్ర ప్రభుత్వం ఒక పనిని అలా ప్రకటించాక, సెక్షన్ 20ఎ కింద ఫలానా భూములను సేకరించదలచినట్లు ప్రకటన జారీ చేస్తుంది. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో ప్రచురించాలి. వాటిలో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి.

సెక్షన్ 20డి ప్రకారం, 20ఎ ప్రకటన వెలువడిన నాటి నుంచి ముప్పై రోజుల్లోగా భూమిలో ప్రయోజనం ఉన్న ఏ వ్యక్తి అయినా లిఖితపూర్వకంగా, కారణాలతో సహా అభ్యంతరం తెలపవచ్చు. దానిని స్వీకరించే ‘సమర్థ అధికారి’ సాధారణంగా రెవెన్యూ శాఖకు చెందినవారే. అభ్యంతరం చెప్పిన వ్యక్తి వాదనను స్వయంగా గాని, న్యాయవాది ద్వారా గాని ఆయన వినాలి. అంగీకరించడమో తోసిపుచ్చడమో ఆయన ఇష్టం. ఆ ఉత్తర్వే తుది నిర్ణయమని చట్టం చెబుతోంది. తదుపరి సెక్షన్ 20ఇ ప్రకటన వెలువడగానే భూమి కేంద్ర ప్రభుత్వపరం అవుతుంది. అయితే తొలి ప్రకటన నుంచి ఏడాదిలోగా ఈ రెండో ప్రకటన రాకపోతే తొలి ప్రకటన చెల్లకుండా పోతుంది. ఈ తేదీలను రాసిపెట్టుకున్న రైతు మోసపోడు.

ఇక్కడ ఎక్కువమంది గమనించని విషయం ఒకటుంది. ‘ప్రయోజనం ఉన్న వ్యక్తి’ అంటే పట్టాదారు ఒక్కడే కాదు. రాష్ట్ర చట్టాల ప్రకారం కౌలు హక్కు ఉన్నవారు, ఆ భూమి మీదుగా దారి లేదా నీటి పారుదల వంటి అనుభవ హక్కు కలిగినవారు, సంప్రదాయ హక్కులు కోల్పోయే గిరిజనులు, ఇతర అటవీ వాసులు కూడా ఈ నిర్వచనంలోకి వస్తారు. తన సెంటు భూమి పోకపోయినా, పక్కవాని పొలం గట్టు మీదుగా హక్కుగా తన చేనుకు వెళ్లే రైతు ఆ దారి మూసుకుపోతుందని అభ్యంతరం చెప్పవచ్చు. దీన్ని వినియోగించుకునేవారు కనిపించరు. చాలామంది తమకు సంబంధం లేదనుకుని ఊరుకుంటారు.

సర్వే కోసం తవ్వకాలు జరిపి పంటకు నష్టం కలిగిస్తే దాన్ని మదింపు చేసి, ఆ పని ముగిసిన ఆరు నెలల్లోగా పరిహారం చెల్లించాలని 20సి సెక్షన్ పేర్కొంటోంది. ఇక భూమి పరిహారం విషయంలో 2013 భూసేకరణ చట్టంలోని లెక్కలే రైల్వేకు కూడా వర్తిస్తాయని కేంద్రం 2015లో ఉత్తర్వు ఇచ్చింది. మార్కెట్ విలువకు గ్రామీణ ప్రాంతాల్లో నిర్ణీత గుణకం వర్తింపజేసి, దానిపై నూరు శాతం సొలేషియం కలుపుతారు.

సభ ఎందుకు జరగదు?

‘మా ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ సభ ఎందుకు పెట్టలేదు?’ అన్న ప్రశ్న తరచూ వినిపిస్తుంది. సమాధానం చేదుగానే ఉంటుంది. పర్యావరణ అనుమతులకు సంబంధించిన 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన పట్టికలో జాతీయ రహదారులు, విమానాశ్రయాలు ఉన్నాయి గాని రైలు మార్గాలు లేవు. కాబట్టి ఆ ప్రకటన కోరే బహిరంగ విచారణ రైలు మార్గానికి అక్కరలేదు. 2013 చట్టం సామాజిక ప్రభావ మదింపును, దానిలో భాగంగా బహిరంగ విచారణను నిర్దేశించింది. కానీ రైల్వే చట్టం కింద జరిగే సేకరణను 105వ సెక్షన్ ద్వారా దాని నుంచి మినహాయించారు. పరిహారం పెరిగింది, సభ రాలేదు. ఒకవేళ రైల్వే కోసం రాష్ట్ర ప్రభుత్వమే 2013 చట్టం కింద భూమి సేకరించినా, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ చేసుకున్న సవరణల వల్ల మౌలిక వసతుల ప్రాజెక్టులను ఆ మదింపు నుంచి మినహాయించే వీలు ఉంది.

బయటి దేశాల పద్ధతి ఇలాగే ఉంటుందా అంటే ఉండదు. ఇంగ్లాండులోని స్టాఫర్డ్ సమీపంలో నార్టన్ బ్రిడ్జి జంక్షన్ వద్ద రైళ్లు ఒకదానికొకటి అడ్డు రాకుండా వంతెన మార్గం నిర్మించారు. దానికి 2014లో అనుమతి లభించగా 2016లో రైళ్లు నడిచాయి. ఆనాటి అక్కడి చట్టం ప్రకారం, నిర్మాణ సంస్థ దరఖాస్తు చేయడానికి ముందే స్థానిక ప్రజలను, భూయజమానులను, పురపాలక సంస్థలను సంప్రదించి, వచ్చిన అభిప్రాయాలకు తానేం చేసిందో నివేదిక జతచేయాలి. మన విధానంలో ముందు హద్దు నిర్ణయమై, ఆ తరువాతే అభ్యంతరం అడుగుతారు. అసలు తేడా అదే.

భూమి లేనివారి మాట

జంక్షన్ మారితే నష్టపోయేది భూయజమాని ఒక్కడే కాదు. విశాఖపట్నాన్నే చూడండి. హౌరా-చెన్నై ప్రధాన మార్గంలో సాగే రైలు నగర స్టేషన్‌లోకి వస్తే ఇంజను రెండో చివరకు మార్చుకుని వెళ్లాలి. ఆ జాప్యం తప్పించడానికి కొన్ని రైళ్లను స్టేషన్‌లోకి తీసుకురాకుండా దువ్వాడ మీదుగా పంపిస్తారు. దూర ప్రయాణికునికి సమయం ఆదా అవుతుంది. నగరవాసి మాత్రం అర్ధరాత్రి సామానుతో దువ్వాడ దాకా వెళ్లాలి. అలాగే ఢిల్లీ-చెన్నై రైళ్లు కాజీపేట స్టేషన్‌ను తాకకుండా బైపాస్ మీదుగా వరంగల్ చేరుతున్నాయి. బైపాస్ లైను పటంపై చిన్న గీతే. దాని వెనుక హమాలీలు, ఆటో కార్మికులు, స్టేషన్ ముందరి హోటళ్లవారు, నిత్యం రాకపోకలు సాగించే ఉద్యోగులు ఉన్నారు. వీరెవరూ 20డి సెక్షన్ కిందికి రారు.

వీరికి మిగిలిన ద్వారం రైల్వే వినియోగదారుల సంప్రదింపుల సంఘాలు. జోన్ స్థాయిలో, డివిజన్ స్థాయిలో ఇవి ఉన్నాయి. ప్రజాప్రతినిధులు, వర్తక సంఘాలు, ప్రయాణికుల సంఘాల ప్రతినిధులు సభ్యులుగా ఉంటారు. సంఘం చేసేది సలహా మాత్రమే. అయినా అక్కడ లేవనెత్తిన అంశం సమావేశ రికార్డులోకి ఎక్కుతుంది. తమ ప్రాంతం నుంచి సభ్యుడెవరో తెలియని వర్తక సంఘాలు మన పట్టణాల్లో లేకపోలేదు. డివిజనల్ రైల్వే మేనేజర్ కార్యాలయంలో అడిగి తెలుసుకోవచ్చు.

గేట్లు, తూములు

లైన్లు పెరిగితే గేటు దగ్గర నిరీక్షణ పెరుగుతుంది. కొన్ని గేట్లను మూసి సమీపంలో పై వంతెనో, అండర్‌బ్రిడ్జో కడతారు. గేటు మూయడానికి రాష్ట్ర ప్రభుత్వ యంత్రాంగం సమ్మతి కోరడం రివాజు. కలెక్టరు కార్యాలయం నుంచి ఆ సమ్మతి వెళ్లకముందే పంచాయతీ తీర్మానం అక్కడికి చేరాలి. ధాన్యం బండి, వరికోత యంత్రం, ఎరువుల లారీ పట్టే ఎత్తు అండర్‌బ్రిడ్జికి ఉందా, వర్షాకాలంలో నీరు నిలుస్తుందా అన్నవి తీర్మానంలో ఉండవలసిన మాటలు. ‘గేటు మూయవద్దు’ అన్న ఒక్క వాక్యంతో పంపిన తీర్మానానికి విలువ తక్కువ.

కొత్త కట్ట వల్ల నీరు నిలిచే సమస్యకు రైల్వే చట్టంలోని 16వ సెక్షన్ ఉపకరిస్తుంది. మార్గం వేయకముందు నీరు ఎంత స్వేచ్ఛగా పారేదో వీలైనంతవరకు అంతే పారేలా తూములు, కాలువలు, వంతెనలు రైల్వే తన ఖర్చుతో నిర్మించాలి. ఎంత పరిమాణం సరిపోతుందన్నది రాష్ట్ర ప్రభుత్వ అభిప్రాయంపై ఆధారపడుతుంది. అంటే నీటిపారుదల, రెవెన్యూ అధికారుల చేత క్షేత్ర పరిశీలన చేయించుకోవడం రైతుల చేతిలో పనే. కొత్త లైను ప్రజా రవాణాకు తెరిచిన పదేళ్ల తరువాత అదనపు పనులు చేయవలసిన బాధ్యత రైల్వేకు ఉండదు. అప్పుడు 17వ సెక్షన్ కింద అడిగినవారే ఖర్చు భరించాలి. తుపాను వచ్చి చేలు మునిగిన ఏడాదే తూము గుర్తుకు వచ్చే డెల్టా గ్రామాలకు ఈ పదేళ్ల లెక్క చాలా ముఖ్యం.

సమాచారం ఎప్పుడు అడగాలి?

సమాచార హక్కు చట్టం (2005) కింద జవాబు ఇవ్వడానికి అధికారికి ముప్పై రోజుల గడువు ఉంది. అభ్యంతరానికీ ముప్పై రోజులే. ప్రకటన చూశాక దరఖాస్తు పెడితే పటం చేతికి వచ్చేసరికి అభ్యంతరం గడువు దాటిపోతుంది. కాబట్టి సర్వే రాళ్లు పడిన వారంలోనే దరఖాస్తు పెట్టాలి. ప్రతిపాదిత మార్గం పటం, పరిశీలించిన ప్రత్యామ్నాయ మార్గాల వివరాలు, మూసే గేట్ల జాబితా, తూముల స్థానాలు అడగాలి.

అభ్యంతరపత్రంలో ప్రకటన తేదీ, సర్వే నంబరు, విస్తీర్ణం, తనకున్న హక్కు స్వభావం స్పష్టంగా రాయాలి. పాసు పుస్తకం, అడంగల్ లేదా పహాణీ, కౌలు పత్రం నకళ్లు జతచేయాలి. మార్గం వద్దనడం కన్నా, ఎంత పక్కకు జరిపితే ఇల్లో, బావో, చెరువు కట్టో దక్కుతుందో గీసి చూపడం మేలు. ‘స్వయంగా విచారించగోరుతున్నాను’ అన్న వాక్యం తప్పనిసరిగా చేర్చాలి. పత్రాన్ని ఇచ్చి తేదీతో కూడిన రసీదు తీసుకోవాలి. తపాలాలో పంపితే స్పీడ్ పోస్టులోనే, ముప్పయ్యో రోజు దాకా ఆగకుండా పంపాలి.