పాత గాజు పలకలు చెప్పిన సంగతి

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. మన సంఘం చరిత్ర, కరువు భత్యం కోసం చేసిన పోరాటాల చరిత్ర నాకంటే బాగా తెలిసిన పెద్దలు మనలో ఉన్నారు. నేను సర్వీసులో సగానికి పైగా రికార్డు సెక్షన్‌లోనే గడిపినవాణ్ణి. అందుచేత ఒక రికార్డు రూము చరిత్రే రాస్తున్నాను. అయితే అది మన ఆఫీసుది కాదు, అమెరికాలోని హార్వర్డ్ వేధశాలది. అక్కడి బీరువాల్లో ఉన్నవి ఫైళ్లు కావు, రాత్రి ఆకాశాన్ని ఫోటోలు తీసిన గాజు పలకలు. రిటైరయ్యాక గ్రంథాలయంలో కాలక్షేపానికి తిరగేసిన ఖగోళశాస్త్ర పుస్తకాలలో ఈ సంగతి తెలిసింది.

1880ల నుంచి సుమారు వందేళ్లపాటు హార్వర్డ్ వారు ఈ పలకలు తీశారు. ఉత్తరాకాశాన్ని తమ ఊరి నుంచి, దక్షిణాకాశాన్ని మొదట పెరూ నుంచి, తర్వాత దక్షిణాఫ్రికా నుంచి తీసేవారు. మొత్తం అయిదు లక్షల దాకా పోగయ్యాయి. వాటిని భూతద్దంతో చూసి చుక్కల వెలుగును లెక్కగట్టే పని ఆడవాళ్లది. వారికి గంటకు ఇరవై అయిదు సెంట్ల నుంచి జీతం. హెన్రియెటా లీవిట్, యానీ కానన్ వంటివారు అలా పనిచేస్తూనే శాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు. కానీ పలకల్లో అధికభాగం ఎవరూ పట్టించుకోని చుక్కలే. వాటి అవసరం ఎప్పుడు పడుతుందో తీసినవారికీ తెలియదు, దాచినవారికీ తెలియదు.

ఆ అవసరం 1963లో పడింది. కన్యారాశిలో పదమూడో తరగతి చుక్క ఒకటి ఉంది. కంటికి కనిపించదు, ఓ మోస్తరు దూరదర్శినితో చూడవచ్చు. అక్కడి నుంచి రేడియో తరంగాలు వస్తున్నాయని 1962లో ఆస్ట్రేలియాలో సిరిల్ హజార్డ్ బృందం కచ్చితంగా తేల్చింది. చంద్రుడు దానికి అడ్డొచ్చిన క్షణాన్ని పట్టుకుని ఆ చోటు గుర్తించారు. దాని పేరు 3సీ 273. మరుసటి ఏడు కాలిఫోర్నియాలో మార్టెన్ ష్మిట్ దాని కాంతిని విడగొట్టి చూసి, అది నక్షత్రం కాదనీ, మన పాలపుంతకు ఎంతో ఆవల ఉన్నదనీ చెప్పాడు. నేటి లెక్క ప్రకారం దాని దూరం సుమారు 240 కోట్ల కాంతి సంవత్సరాలు. అంత దూరాన ఉండి ఇంతగా వెలుగుతోందంటే మామూలు గెలాక్సీకి వంద రెట్ల వెలుగు ఉండాలి. అటువంటి వాటికే క్వేజార్లని పేరు వచ్చింది.

అప్పుడు హార్లన్ స్మిత్, డారిట్ హాఫ్లైట్ అనే ఇద్దరికి హార్వర్డ్ పలకలు గుర్తొచ్చాయి. హాఫ్లైట్ అక్కడే ఏళ్ల తరబడి పనిచేసి యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్లిన ఆవిడ. ఏ బీరువాలో ఏముందో ఆమెకు కంఠతా వచ్చు. ఇద్దరూ పాత పలకలు తిరగేస్తే అన్నిటిలోనూ ఆ చుక్క ఉంది. అన్నేళ్లుగా ఎవరూ పట్టించుకోకపోయినా పలకలమీద పడుతూనే ఉంది! కొలిచి చూస్తే దాని వెలుగు నిలకడగా లేదు. ఏళ్ల మీద నిదానంగా పెరిగి తగ్గుతోంది, ఒక్కొక్కప్పుడు కొద్ది నెలల్లోనే మారిపోతోంది. అదే ఏడాది నేచర్ పత్రికలో ప్రకటించారు.

ఇందులో వింత ఏముందంటారా? రెండు ఫర్లాంగుల పొడవున్న ఊరేగింపు మన గుమ్మం ముందు నుంచి ఒక్క నిమిషంలో దాటిపోదు కదా. అలాగే లక్ష కాంతి సంవత్సరాల వెడల్పున్న వస్తువు ఒక్కసారిగా వెలిగినా, ఈ అంచు వెలుగు ముందు వచ్చి, ఆ అంచు వెలుగు లక్ష ఏళ్లకు వస్తుంది. నెలల్లో మార్పు కనబడిందంటే, వెలిగే చోటు కాంతి నెలల్లో దాటగలిగినంత చిన్నదన్న మాట. అంత చిన్న చోట గెలాక్సీలను మించిన వెలుగు ఎలా పుడుతుంది? గెలాక్సీ నడిబొడ్డున బ్రహ్మాండమైన కృష్ణబిలం ఉందనీ, అందులోకి జారే వాయువు కాగి వెలుగుతోందనీ, ఆ వాయువు రాకలో హెచ్చుతగ్గులే వెలుగులో హెచ్చుతగ్గులకు ఒక కారణమనీ తర్వాతి పరిశోధకులు నిలబెట్టారు. ఆ దారికి పాత పలకలూ ఒక మెట్టు.

ఆ పలకల వరుసలో ఒక ఖాళీ ఉంది. 1950ల మొదట్లో డబ్బుకు కటకటగా ఉందని డైరెక్టర్ డొనాల్డ్ మెంజెల్ పలకలు తీయడం ఆపించాడు. 1960ల చివరిలో గాని మళ్లీ మొదలు కాలేదు. క్వేజార్లు బయటపడిన రోజులకు సరిగ్గా అక్కడ ఫోటోలు లేవు. ఖగోళజ్ఞులు దాన్ని ఇప్పటికీ మెంజెల్ గ్యాప్ అనే అంటారు.

ఇది చదివినప్పుడు ఆయన్ను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఎల్.డిస్. అంటే ఏడాది, ఆర్.డిస్. అంటే శాశ్వతం అని మనం వల్లించిన రోజులు మీకూ గుర్తే. గదిలో చోటు లేదని ఒక ఏడాది పాత అక్విటెన్స్ రోళ్ల జాబితా తయారుచేసి నేనే సంతకం పెట్టాను. అవి తూకానికి పోయాయి. నాలుగేళ్లకు చనిపోయిన ఒక అటెండరు భార్య వచ్చింది. ఆయన టెంపరరీగా చేసిన తొలి ఏళ్లకు రుజువు ఆ రోళ్లలోనే ఉండేది. రూలు ప్రకారం నా తప్పేమీ లేదని పైవారు అన్నారు. ఆమెకు మాత్రం ఆ ఏళ్లు లెక్కలోకి రాలేదు.

పాత పలకలు చెప్పినదంతా తేలికగా అర్థమైందనీ కాదు. కర్కాటక రాశిలో ఓజే 287 అనే మరో గెలాక్సీ ఉంది. దానికీ 19వ శతాబ్దం నుంచి పలకల సాక్ష్యం ఉంది. పన్నెండేళ్లకొకసారి అది భగ్గుమంటోందని 1988లో ఫిన్లాండు శాస్త్రజ్ఞులు లెక్కవేసి, 1994లో మళ్లీ వెలుగుతుందన్నారు. వెలిగింది. ఒక కృష్ణబిలం చుట్టూ మరొకటి తిరుగుతోందని ఊహించారు. ఆ లెక్కలలో మన ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ వారికీ పాలు ఉంది. కానీ 2022 అక్టోబరులో వస్తుందనుకున్న వెలుగు రాలేదని ఒక బృందం తేల్చింది. లెక్క వేసినవారు ఒప్పుకోవడం లేదు. వాదన నడుస్తోంది.

మన హైదరాబాదుకూ ఈ పలకల విద్య కొత్త కాదు. ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని పటం గీయాలన్న ప్రపంచ ప్రయత్నంలో నిజామియా వేధశాలకూ వాటా ఇచ్చారు. మొదట దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య, తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల మధ్య. 3సీ 273 ఆ రెండు పట్టీలలోనూ పడదు, అది వేరే విషయం. అక్కడ పనిచేసిన ఉద్యోగి కుమారుడే వేణు బాప్పు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లి, 1949లో అక్కడ తీసిన ఒక పలకమీద కొత్త తోకచుక్కను గుర్తించాడు. కావలూరులోని పెద్ద దూరదర్శినికి 1986లో పెట్టింది ఆయన పేరే.

2016 జనవరిలో హార్వర్డ్ పలకల భవనం నేలమాళిగలో నీటి గొట్టం పగిలి అరవై వేల పైచిలుకు పలకలు మునిగాయి. బూజు పట్టకుండా వాటిని గడ్డకట్టించి, తర్వాత ఒక్కొక్కటే శుభ్రం చేశారు. ఈలోగా నాలుగు లక్షలకు పైగా పలకలను కంప్యూటరుకెక్కించే పని కూడా పూర్తయింది. చుక్కలు స్పష్టంగా పడాలంటే పలక వెనుక ఆ ఆడవాళ్లు సిరాతో పెట్టిన గుర్తులు, రాసిన అంకెలు తుడవక తప్పలేదట. తుడిచే ముందు వాటినీ ఫోటో తీసి ఉంచారు. కొన్ని పలకలను మాత్రం తుడవకుండా అలాగే వదిలేశారు. ఆ తుడిచే జాబితా నా బల్లమీదికి వచ్చి ఉంటే, సంతకం పెట్టడానికి నాకు కనీసం వారం పట్టేది.