బస్తర్ సంత: ఉప్పు నుంచి చింతపండు దాకా

1910 ఫిబ్రవరిలో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న బస్తర్ ఆదివాసులు తెల్లదొరల మీద తిరగబడ్డారు. అంతకు ముందు కొన్ని వారాలుగా ఊరి నుంచి ఊరికి మామిడి కొమ్మలు, మట్టిముద్ద, మిరపకాయలు, బాణాలు చేతులు మారుతూ వచ్చాయి. అవి అందుకున్న ఊరు పోరుకు సిద్ధమైనట్టే లెక్క. తిరుగుబాటు మొదలవగానే జనం మీదపడింది పోలీసు ఠాణాల మీద, అధికారుల ఇళ్ల మీద మాత్రమే కాదు. పుష్పాల్ సంతను దోచుకున్నారు. ఆ తర్వాత మరికొన్ని సంతలకూ అదే గతి పట్టింది. షావుకార్ల ఇళ్లలో దొరికిన ధాన్యాన్ని అందరికీ పంచిపెట్టారు.

వారానికోసారి తెల్లవారుజామునే లేచి, కొండలు దిగి, వాగులు దాటి, మైళ్ల కొద్దీ నడిచి సంతకు వచ్చే మనుషులే ఆ సంతను ఎందుకు దోచుకున్నారు? బస్తర్ చరిత్ర తెలుసుకోవాలంటే రాజుల వంశావళి కంటే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి.

ఒకప్పటి బస్తర్ జిల్లా దాదాపు 39,000 చదరపు కిలోమీటర్లు, అంటే కేరళ రాష్ట్రం కంటే కాస్త పెద్దది. 1998లో దాన్ని విడగొట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు బస్తర్, దంతెవాడ, కాంకేర్, బీజాపూర్, నారాయణ్‌పూర్, కొండగావ్, సుక్మా అని ఏడు జిల్లాలయ్యాయి. ఇంత నేల మీద పట్టణాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మిగతాదంతా అడవి, అడవి మధ్య పల్లెలు. అలాంటి చోట రోజూ తెరిచి ఉండే దుకాణానికి గిరాకీ ఉండదు. అందుకే బజారే ఊళ్లు తిరుగుతుంది. ఆదివారం జగదల్‌పూర్‌లో, సోమవారం తోకాపాల్‌లో, శుక్రవారం లోహండీగూడలో సంత. మొరాకోలోని ఫెజ్ పాత నగరంలో ఇందుకు భిన్నంగా ఉంటుంది. అక్కడ అత్తరీన్ వీధి సుగంధద్రవ్యాల వాళ్లది, సెఫ్ఫారీన్ కూడలి రాగి పాత్రలు కొట్టేవాళ్లది, వందల ఏళ్లుగా ఎవరి చోటు వాళ్లదే. కానీ అదే మొరాకోలో నగరం దాటి పల్లెల్లోకి వెళ్తే బస్తర్ పద్ధతే కనిపిస్తుంది. ఏ రోజు సంత జరిగితే ఆ వారం పేరే ఊరికి స్థిరపడిన చోట్లు అక్కడ చాలా ఉన్నాయి. కర్నూలు బుధవారపేట తెలిసిన మనకు అది వింత కాదు.

బస్తర్‌కు బయటి సరుకులు రావడం ఉప్పుతో మొదలైంది. అడవిలో తేనె ఉంది, దుంపలున్నాయి, ఇప్పపువ్వు ఉంది, ఇనుప రాయి ఉంది. ఉప్పు మాత్రం లేదు. అది సముద్రం నుంచి రావాలి. కోస్తా నుంచి, ముఖ్యంగా విశాఖ తీరం వైపు నుంచి బంజారాలు ఎడ్ల మీద ఉప్పు బస్తాలు వేసుకుని సాలూరు దగ్గర కనుమలెక్కి, జయపురం మీదుగా ఈ పీఠభూమికి చేరేవాళ్లు. తిరుగు ప్రయాణంలో ధాన్యమో అటవీ సరుకో ఎత్తుకుపోయేవాళ్లు. బండ్లు నడిచే బాటలు లేని కాలంలో ఎద్దు వీపే రహదారి. మన లంబాడాల పూర్వీకులు వేసిన ఈ ఉప్పు దారుల గురించి తెలుగులో రావలసినంత రాత రాలేదు. ఎవరైనా పూనుకుంటే పెద్ద పుస్తకమే అవుతుంది.

1795లో కెప్టెన్ బ్లంట్ అనే ఇంగ్లీషు అధికారి కాశీ దగ్గరి చునార్ నుంచి బయల్దేరి, మధ్యలోని అడవులు దాటి, ఏలూరు సర్కారులోని యర్నగూడెం దాకా దారి కొలుచుకుంటూ వచ్చాడు. బస్తర్ అంచుల్లో గోండులు అతన్ని అడ్డగించారు. బయటివాడికి ఈ అడవి అంత సులువుగా తలుపు తీయలేదు. బంజారాలకు మాత్రం తీసింది, వాళ్ల ఎడ్ల మీద ఉప్పు ఉంది కాబట్టి. 1862లో ఎగువ గోదావరి జిల్లా అధికారి గ్లాస్‌ఫర్డ్ బస్తర్ మీద వివరమైన నివేదిక రాసే నాటికి అక్కడ లెక్కలు ఇంకా గవ్వలతోనే నడుస్తున్నాయి. వెండి రూపాయి ఉన్నా, అది సామాన్యుడి చేతికి వచ్చేది కాదు.

ఈ దారులు తెలుగు నేలకు కొత్తవి కావు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి, ఇంద్రావతి దాటి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం తరతరాలుగా చెప్పుకుంటోంది. దంతేశ్వరి అమ్మవారు వాళ్ల ఇలవేల్పు. రాజధాని పలు చోట్లు మారి, 18వ శతాబ్దం రెండో సగంలో దళపత్ దేవ్ కాలంలో జగదల్‌పూర్ చేరింది. ఆయన తవ్వించిన దళపత్ సాగర్ చెరువు ఇప్పటికీ ఊరికి అందం. దక్షిణాన భోపాలపట్నం, కోంటా ప్రాంతాల్లో ఈనాటికీ సంతలో తెలుగు వినిపిస్తుంది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ దాని చోటును హల్బీ తీసుకుంటుంది. గోండీ మాట్లాడేవాడు, ధుర్వా మాట్లాడేవాడు, ఒడిశా నుంచి వచ్చిన నేతగాడు బేరం దగ్గర కలుసుకునే భాష హల్బీయే.

ఇక బేరం సంగతి. బస్తర్‌లో పెద్దవాళ్లనెవరిని కదిలించినా చెప్పే మాట ఒకటుంది: సారపప్పు ఇచ్చి ఉప్పు తెచ్చుకున్నాం. సారపప్పు అంటే పాయసంలో, మిఠాయిల్లో వేసుకునే ఖరీదైన పప్పు. ఎండాకాలంలో అడవంతా తిరిగి కాయలు ఏరి, నానబెట్టి, పైతోలు తీసి, ఎండబెట్టి, గింజ పగలగొడితే గుప్పెడు వస్తుంది. ఆ పప్పుకు బదులుగా షావుకారు అంతే కొలత ఉప్పు పోసేవాడు. కొలత పాత్ర ఒకటే కాబట్టి చూసేవాళ్లకు అది న్యాయంగానే కనిపిస్తుంది. నగరంలో ఆ రెండింటి ధరలకూ ఉన్న తేడా ఎంతో ఆ పప్పు తెచ్చిన మనిషికి తెలిసే మార్గం లేదు. తెలిసినా చేయగలిగింది లేదు. ఉప్పు లేకుండా ఇంటికి వెళ్లే వీలు లేదు కదా.

ఇప్పపువ్వు కథ ఇంకా బాధ పెడుతుంది. చైత్ర మాసంలో రాలిన పువ్వును ఏరి ఎండబెట్టి, చేతిలో డబ్బు లేక అప్పటికప్పుడు చవకగా అమ్ముకుంటారు. ఆరు నెలలు తిరిగేసరికి అదే పువ్వును అదే వ్యాపారి దగ్గర ఎక్కువ ధరకు కొనుక్కుంటారు. సంతలోకి అడుగు పెట్టకముందే దారిలో కాపు కాసి గంపలు దింపించుకునే చిన్న దళారులను ఇక్కడ కొచియాలు అంటారు. వాళ్ల చేతి తూకం, వాళ్ల నోటి లెక్క. సంతకు చేరేలోపే సగం సరుకు వాళ్ల బస్తాల్లోకి వెళ్లిపోతుంది.

1910 నాటి కోపానికి కారణం సంత ఒక్కటే కాదు. 1905లో ప్రభుత్వం మూడింట రెండొంతుల అడవిని రిజర్వు చేయాలని తలపెట్టింది. పోడు, వేట, అటవీ సరుకు ఏరుకోవడం, అన్నిటికీ అడ్డు పడింది. 1899-1900లో ఒక కరువు, 1907-08లో మరొకటి. వెట్టి చాకిరీ, పెరిగిన శిస్తులు వీటికి తోడు. కాంగేర్ అడవిలోని ధుర్వాలు ముందుగా కదిలారు. నేతానార్ గ్రామానికి చెందిన గుండాధూర్ పేరు అందరి నోటా నిలిచింది. అణచడానికి సర్కారుకు మూడు నెలలు పట్టింది, గుండాధూర్ మాత్రం దొరకలేదు. రిజర్వు చేయదలచిన విస్తీర్ణాన్ని దాదాపు సగానికి తగ్గించక తప్పలేదు. ఆ తిరుగుబాటును బస్తర్ జనం భూమ్‌కాల్ అని తలుచుకుంటారు. అడవిని ఏలేవాడు వేరు, ఆ అడవి సరుకుకు ధర కట్టేవాడు వేరు అని వాళ్లు అనుకోలేదు. ఆ అంచనా సరైనదే.

మరి ఇంత జరిగినా సంత ఎందుకు చావలేదు? ఎందుకంటే అది అమ్మకం కొనుగోలు మాత్రమే కాదు. తరచూ చుట్టపుచూపులు కుదరని చోట సంతే చుట్టరికం. పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లిన కూతురు తల్లిని కలిసేది అక్కడ. సంబంధాలు కుదిరేది, చావు కబురు అందేది, పంచాయితీకి రోజు ఖరారయ్యేది అక్కడే. ఆకుదొప్పల్లో జీలుగు కల్లు, బియ్యంతో చేసిన లాందా, ఇప్పసారా అమ్మే ఆడవాళ్లు ఒక వరుసగా కూర్చుంటారు. ఎర్రచీమలు నూరిన చాప్డా చట్నీ పొట్లాలు మరో వైపు. వానలు మొదలవగానే సాల చెట్ల కింద మొలిచే బోడా పుట్టగొడుగులకు ఉన్న గిరాకీ మాంసానికి కూడా ఉండదు. సాయంత్రానికి గుంపు కోడిపందేల వైపు జరుగుతుంది. కాలికి కత్తి కట్టే పద్ధతి మన గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేదు. కాకపోతే అక్కడ సంక్రాంతి దాకా ఆగరు, సంత ఉంటే పందెం ఉన్నట్టే.

దేవుళ్లు కూడా సంతకు వస్తారు. పంట ఇంటికొచ్చాక జరిగే మడయిలు అంటే ఏడాదికోసారి వచ్చే పెద్ద సంతలే. నారాయణ్‌పూర్ మడయికి చుట్టుపక్కల ఊళ్ల దేవతలను జెండాలతో, పల్లకీలతో, కొయ్య దూలాల రూపంలో ఉండే ఆంగాదేవులతో తీసుకొస్తారు. వాళ్లంతా సంత మైదానం చుట్టూ ప్రదక్షిణ చేసిన తర్వాతే ఉత్సవం నిండినట్టు. గుడి చుట్టూ తిరగడం అందరికీ తెలుసు, అంగడి చుట్టూ దేవుళ్లు తిరగడం బస్తర్‌లో చూడాలి.

ఆల్ఫ్రెడ్ జెల్ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఈ ప్రాంతంలో మురియా గోండుల మధ్య ఉండి, ధోరాయి అనే ఊరి సంత మీద 1982లో ఒక వ్యాసం రాశాడు. సంతలో ఎవరు ఎక్కడ కూర్చుంటారో గీసి చూస్తే ఆయనకు చక్రం కనిపించింది. నడిమధ్యన నగలు, బట్టల వ్యాపారులు. వాళ్ల చుట్టూ ఇతర సరుకుల వాళ్లు. బయటి అంచుల్లో కుండలు, కూరగాయలు, అడవి నుంచి తెచ్చిన సరుకు పెట్టుకున్న వాళ్లు. ఈ చక్రం ఆ ప్రాంతపు సమాజానికే పటమని ఆయన వాదన. ఎవరూ గీతలు గీయకుండానే, వారం వారం అందరూ తమ తమ చోట్లకే వచ్చి కూర్చుంటారు. సంత అంటే అందరూ సమానంగా కలిసే చోటు అనుకునేవాళ్లు ఆ వ్యాసం తప్పక చదవాలి.

చేతిపనుల వాళ్లు ఈ చక్రంలో ప్రత్యేకం. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగి పోయిన ఖాళీలో ఇత్తడి పోసే ఘడ్వాలు ఒకప్పుడు దేవుడి బొమ్మలు, గజ్జెలు, కొలత పాత్రలు చేసేది ఇక్కడి కొనుగోలుదారు కోసమే. కొండగావ్‌కు చెందిన జయదేవ్ బఘేల్ లాంటి వాళ్ల వల్ల ఆ పనికి దేశవిదేశాల్లో పేరొచ్చింది. ఒడిశా వైపు కోట్‌పాడ్ నేతగాళ్లు ఆల్ చెట్టు వేరు బెరడు రంగుతో అద్దిన ముదురు ఎరుపు అంచు చీరలు తెచ్చేవాళ్లు. ఆ సహజ రంగు బట్టకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు ఉంది. అయితే వాటిని కట్టుకున్న ఆదివాసీ స్త్రీలు సంతలో తగ్గారు. మిల్లు చీర ధరకు చేతి నేత పోటీ పడలేదు. ఇత్తడి బొమ్మ కూడా సంత వదిలి ప్రదర్శనశాలలకూ నగరాల దుకాణాలకూ వెళ్లిపోయింది.

1960లలో దక్షిణ బస్తర్‌లోని బైలాడీలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు మార్గం వేశారు. ఒకనాడు ఉప్పు ఎక్కి వచ్చిన తూర్పు కనుమల మీదుగా ఇనుము దిగడం మొదలైంది. వ్యాపారులూ ఎక్కువయ్యారు, లారీలూ ఎక్కువయ్యాయి. జగదల్‌పూర్ చింతపండుకు పెద్ద మార్కెట్‌గా ఎదిగింది. మన పులుసులోకీ, పచ్చళ్లలోకీ వచ్చే చింతపండులో బస్తర్ చెట్లది పెద్ద వాటా. కిలో ఒకటి రెండు రూపాయలకు పల్లెల్లో కొని, ఎన్నో రెట్లకు అమ్మే తీరు 1990ల చివరిదాకా సాగింది. అప్పుడు జిల్లా కలెక్టరుగా ఉన్న ప్రవీర్ కృష్ణ పూనికతో ఊరూరా వన్ ధన్ సమితులు ఏర్పడి, గ్రామంలోనే తూచి, డబ్బు అక్కడే చేతిలో పెట్టడం మొదలుపెట్టాయి. దాన్ని ఇమ్లీ ఆందోళన అన్నారు. ఊళ్లో ఇంకో కాటా ఉందన్న సంగతి తెలియగానే షావుకార్ల ధరలు పెరగక తప్పలేదు. ఆ సమితుల పేరుతోనే 2018 ఏప్రిల్ 14న బీజాపూర్‌లో తొలి వన్ ధన్ వికాస్ కేంద్రాన్ని ప్రధాని ప్రారంభించారు.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వా జుడుం అనే సాయుధ దళాల ఉద్యమం మొదలైనప్పుడు దక్షిణ బస్తర్‌లో సంతలకు దెబ్బ తగిలింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి, అనేక సంతలు మూతపడ్డాయి, బియ్యం ఉప్పు తెచ్చుకోవడమే అనుమానానికి కారణమైంది. పామేడు వైపు జనం ఉప్పూ నూనే కోసం సరిహద్దు దాటి చర్ల సంతకు నడిచి వచ్చారు. చాలామంది భద్రాచలం, ములుగు అడవుల్లోనే ఉండిపోయారు. మనం గుత్తికోయలని పిలిచేది వాళ్లనే. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. మూతపడిన సంతలు తెరుచుకోవడానికి మాత్రం ఇంకా ఏళ్లు పట్టింది.

చట్టం లేక ఇదంతా జరిగిందని ఎవరూ అనుకోకూడదు. బస్తర్ కలెక్టరుగా పనిచేసి, జీవితమంతా ఆదివాసుల పక్షాన నిలిచిన బి.డి. శర్మ లాంటి వాళ్ల కృషితో 1996లో పెసా చట్టం వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఊరి సంతల నిర్వహణ, చిన్న తరహా అటవీ సరుకు మీద యాజమాన్యం, వడ్డీ వ్యాపారం మీద అదుపు, ఈ మూడూ గ్రామసభకూ పంచాయతీకీ దక్కాలని అందులో స్పష్టంగా ఉంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం దానికి నియమాలు ప్రకటించింది 2022లో, అంటే 26 ఏళ్లకు. సంతలో రుసుము ఎవరు వసూలు చేయాలి, కాటా ఎవరు సరిచూడాలి, కొచియాను దారిలో ఎవరు ఆపాలి అన్నవి ఇకనైనా గ్రామసభ తేల్చాలి, అధికారులు దానికి అడ్డు రాకూడదు. తెలంగాణ, ఆంధ్ర ఏజెన్సీ సంతలకూ ఇదే చట్టం వర్తిస్తుంది.

విశాఖ నుంచి కిరండూల్ రైలెక్కి జగదల్‌పూర్ వెళ్లే తెలుగువాళ్లు చిత్రకోట జలపాతం చూసి తిరిగొచ్చేస్తుంటారు. ప్రయాణం ఆదివారం కలిసేలా చూసుకుని ఆ సంతలో ఒక పూట గడపండి. అడక్కుండా ఎవరి ఫొటో తీయకండి. సారపప్పు ముందు పెట్టుకు కూర్చున్న ఆమె చెప్పిన ధర ఎంతైనా, బేరమాడకుండా ఇచ్చి కొనండి.