అడవిలో మురబ్బా జాడీలు

కెనడా అడవి నుంచి ఇంగ్లండ్‌లోని పుట్టింటికి రాసిన ఉత్తరాల్లో కేథరిన్ పార్ ట్రెయిల్ ఏమేం కోరుకుందో చూస్తే ఆవిడ ఎలాంటి మనిషో తెలిసిపోతుంది. ప్లమ్ పండ్ల టెంకలు, తోటలోని మేలురకం ఆపిల్ గింజలు, చిన్నప్పుడు కొమ్మలెక్కి ఆడుకున్న పాత చెట్ల కాయలు కొన్ని. ఎవరైనా ఇటు బయల్దేరితే ఇవి మూట కట్టుకుని రావడం మరిచిపోవద్దని మరీ మరీ చెప్పింది.

ఆ ఉత్తరాలే 1836లో ‘ది బ్యాక్‌వుడ్స్ ఆఫ్ కెనడా’ అనే పుస్తకంగా లండన్‌లో అచ్చయ్యాయి. మరో పద్దెనిమిదేళ్లకు ఆవిడ ఇంకో పుస్తకం రాసింది. దాని పేరు ‘ది ఫిమేల్ ఎమిగ్రెంట్స్ గైడ్’. వలస వచ్చే ఆడవాళ్లు రొట్టె ఎలా కాల్చుకోవాలి, సబ్బు ఎలా కాచుకోవాలి, పండ్లు ఏడాది పొడుగునా ఎలా నిల్వ చేసుకోవాలి అన్నవి చెప్పే పుస్తకం. విత్తనాలు పంపమని అడిగిన కొత్త కాపురం మనిషి, పదిమందికీ సంసారం నేర్పే పెద్దదిక్కుగా ఎలా మారిందన్న కథంతా ఈ రెండు పుస్తకాల మధ్యే ఉంది.

కేథరిన్ 1802లో లండన్‌లో పుట్టింది, సఫోక్ ప్రాంతంలోని రెయిడన్ హాల్ అనే ఇంట్లో పెరిగింది. ఆరుగురు అక్కచెల్లెళ్లలో అయిదుగురు రచయిత్రులే. అక్క ఆగ్నెస్ స్ట్రిక్‌ల్యాండ్ ఇంగ్లండ్ రాణుల చరిత్రలు రాసి పేరు తెచ్చుకుంది. తండ్రి 1818లో పోయాక ఇంట్లో మర్యాద మిగిలింది గానీ డబ్బు మిగల్లేదు. 1832లో కేథరిన్ పెళ్లాడిన థామస్ ట్రెయిల్‌ది కూడా అదే పరిస్థితి. నెపోలియన్‌తో యుద్ధాలు ముగిశాక సగం జీతంతో ఇంటికి చేరిన సైనికాధికారుల్లో ఆయనొకడు. అలాంటివారికి కెనడాలో ప్రభుత్వం భూమి ఇస్తోంది. తమ్ముడు సామ్యుల్ అప్పటికే అక్కడ స్థిరపడ్డాడు. ఆ వేసవిలోనే కొత్త దంపతులు స్కాట్లాండ్‌లోని గ్రీనాక్ రేవులో ‘లారెల్’ అనే ఓడ ఎక్కారు. మాంట్రియల్‌లో దిగీ దిగగానే కేథరిన్ కలరా బారినపడి, చావు తప్పి బయటపడింది. అక్కణ్నుంచి పీటర్‌బరో దాటి, ఓటొనబీ నది ఒడ్డున సామ్యుల్ పొలం పక్కనే అడవి నరుక్కుని దుంగల ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇల్లు లేపడానికి పదహారుమంది ఇరుగుపొరుగులు వచ్చి, పొద్దుగూకేలోగా బయటి గోడలు నిలబెట్టి వెళ్లారు.

చెట్టు కాపుకొచ్చేదాకా

గింజ నాటిన ఆపిల్ చెట్టు కాయడానికి ఆరేళ్లు పట్టొచ్చు, పదేళ్లూ పట్టొచ్చు. కాసినా తల్లిచెట్టు రుచి వస్తుందన్న భరోసా లేదు. ఆపిల్ పూవుకు వేరే చెట్టు పుప్పొడి అందితేనే కాయ కడుతుంది కాబట్టి ప్రతి గింజా ఒక కొత్త రకమే. కావాలనుకున్న పండు కావాలంటే అంటు కట్టాల్సిందే. గింజ నాటినా తినదగ్గ పండే వస్తుంది గానీ అంటు చెట్టు పండుకున్న సైజూ రుచీ వేరని కేథరిన్ తొలి పుస్తకంలోనే రాసింది.

గింజతో అదృష్టం కలిసొచ్చినవాళ్లూ లేకపోలేదు. 1811లో ఒంటారియోలోని డండెలా దగ్గర జాన్ మెకింటాష్ అనే రైతు పొదలు నరుకుతుంటే, ఎవరూ నాటని ఆపిల్ మొక్కలు కొన్ని కనిపించాయి. వాటిలో ఒకటి అద్భుతంగా కాసింది. 1835 ప్రాంతంలో ఆయన కొడుకు అంటు కట్టడం నేర్చుకున్నాకే ఆ పండు ఊరు దాటింది. ఈనాటి మెకింటాష్ ఆపిల్ వంశమంతా ఆ ఒక్క చెట్టుదే. ఆపిల్ కంపెనీ 1984లో తెచ్చిన ‘మాకింటాష్’ కంప్యూటర్ పేరు కూడా ఆ పండుదే, అక్షరాల్లో చిన్న తేడాతో.

మరి తోట ఎదిగేదాకా ఇంట్లో పండు మాటేమిటి? దానికి అడవే దిక్కయింది. చెట్లు నరికి తగలబెట్టిన నేలలో తొలి రెండు మూడేళ్లలోనే అడవి రాస్ప్‌బెర్రీ పొదలు వాటంతటవే లేచేవి. ఎండ తగిలే చోట స్ట్రాబెర్రీ, ఇసుక నేలల్లో హకిల్‌బెర్రీ, బురద పర్రల్లో క్రాన్‌బెర్రీ, ఏటి గట్ల మీద అడవి ద్రాక్ష, ప్లమ్. గైడ్‌లో ఒక్కో పండుకూ ఒక్కో పద్ధతి ఉంది. అడవి ప్లమ్ తోలు వగరు, చేదు. దాన్ని ముందు ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. మే ఆపిల్ అనే చిన్న మొక్కకు వేరూ ఆకూ గింజా అన్నీ విషమే. బాగా పండి పసుపెక్కిన కాయ గుజ్జు మాత్రం తినొచ్చు. దానితో కూడా మురబ్బా పెట్టొచ్చని కేథరిన్ రాసింది.

క్రాన్‌బెర్రీది మరో దారి. ఆ పండులో సహజంగానే బెంజోయిక్ ఆమ్లం ఉంటుంది, అది బూజును దగ్గరికి రానీయదు. చన్నీళ్లలో వేసి చల్లటి చోట పెడితే చలికాలమంతా నిలుస్తుంది. పంచదార కరువైన ఇంటికి ఇంతకన్నా మేలైన పండు లేదు.

ఎవరి అడవి, ఎవరి విద్య

ఈ పండ్ల కథలో కేథరిన్ కన్నా ముందున్నవాళ్లు ఆదివాసులైన అనిషినాబె స్త్రీలు. రైస్ లేక్ అనే సరస్సు చుట్టుపక్కల ఉండే మిస్సిసాగా తెగవారు ఆ అనిషినాబె జాతివారే. చుట్టూ ఉన్న నేలంతా 1818 ఒప్పందంతో బ్రిటిష్ ప్రభుత్వం చేతికి పోయింది, ఆ నేలనే తర్వాత వలసదారులకు పంచారు. బెర్రీ పండ్లను బిర్చ్ బెరడు పరకల మీద, దేవదారు నార చాపల మీద ఎండబెట్టి దాచడం, సరస్సులో పడవ మీద తిరుగుతూ అడవి బియ్యం రాల్చుకోవడం, మేపుల్ చెట్టుకు గాటు పెట్టి నీరు పట్టి చక్కెర కాయడం వాళ్లకు తరతరాల పని. వాళ్లు పండ్లూ వేటమాంసమూ తెచ్చి పిండీ పంది మాంసమూ పట్టుకెళ్లేవారు. ఆ ఇచ్చిపుచ్చుకోవడం గురించి కేథరిన్ మొదటి నుంచీ రాస్తూనే వచ్చింది. అడవి బియ్యం వండే తీరు గైడ్‌లోకీ ఎక్కింది. వలసదారుల గొడ్డళ్లూ కంచెలూ ఆ పండ్ల పొదలనే మింగుతున్నాయన్న సంగతి మాత్రం అలాంటి వంట పుస్తకాల్లో చోటు దొరికే విషయం కాదు.

ఇక మురబ్బా పెట్టడంలో అసలు ఇబ్బంది పంచదారతోనే. పండును జామ్‌గా నిలపాలంటే పాకంలో ఇంచుమించు అరవై శాతం చక్కెర ఉండాలి. అంత చిక్కన ఉంటేనే సూక్ష్మజీవులకు నీరందదు. చెరకు పంచదార సముద్రం దాటి, బురద దారుల్లో బండెక్కి పీటర్‌బరో దుకాణానికి చేరేసరికి ధర చుక్కలనంటేది. అందుకే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంటిల్లిపాదీ మేపుల్ చెట్ల కింద చేరేవారు. సుమారు నలభై లీటర్ల చెట్టు నీరు మరిగిస్తే లీటరు పాకం తేలుతుంది. ఆ పాకాన్ని ఇంకా కాచి గట్టిపరిస్తే చక్కెర. మిగిలింది పులిస్తే వెనిగర్.

రెండో ఇబ్బంది జాడీ. మూత బిగించే గాజు సీసా అప్పటికి లేదు. మట్టి జాడీలో మురబ్బా పోసి, పైన బ్రాందీలో తడిపిన కాగితం పరిచి, మూతికి జంతువు మూత్రాశయపు పొర లాగి కట్టేవాళ్లు. వేసవి ఉక్కకు అది పులిసిందంటే పండూ పోయె, చక్కెరా పోయె.

దండలు కట్టిన ఆపిల్ ముక్కలు

ఈ రెండు బాధలూ లేని ఉపాయం ఒక్కటే, ఎండబెట్టడం. ఆపిల్ తొక్క తీసి, నాలుగు చెక్కలు చేసి, గింజల గూడు తొలిచి, గట్టి దారానికి గుచ్చి ఎండలోనో పొయ్యి పైన దూలాలకో వేలాడదీసేవాళ్లు. మన మామిడి ఒరుగుల్లాగే, వానాకాలం గడ్డుకాలం చూసుకోకుండా ఎప్పుడంటే అప్పుడు డబ్బాలోంచి తీసి వాడుకోవచ్చు. రాత్రి నానబెట్టి పొద్దున ఉడికిస్తే ‘పై’ అనే వంటకానికి కూరు సిద్ధం.

బుట్టలకొద్దీ కాయలకు తొక్క తీయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే శరదృతువు రాత్రుల్లో ‘పేరింగ్ బీ’లు జరిగేవి. ఇరుగుపొరుగు ఆడపిల్లలూ కుర్రాళ్లూ ఒక ఇంట్లో చేరి కబుర్లాడుకుంటూ కాయలు తరిగి, దండలు గుచ్చి, భోజనాలు చేసి, ఫిడేలుకు ఆడి ఇళ్లకు వెళ్లేవారు. రేపు వాళ్లింటికి వీళ్లు. తొక్క తీసే చేతి యంత్రానికి అమెరికాలో 1803లోనే పేటెంట్ వచ్చింది గానీ, పనితో పాటు జరిగే పెళ్లిచూపుల సంగతి యంత్రం ఎక్కడ చూస్తుంది?

గుమ్మడినీ చక్రాలుగా కోసి ఇలాగే ఎండేసేవాళ్లు. టీ ఆకు అయిపోతే అడవి ఆకులు కాచుకునేవాళ్లు. కాఫీ గింజల బదులు డాండెలియన్ వేళ్లు వేయించి పొడి చేసుకున్న వైనాన్ని, అదే ఏడు కెనడా చేరిన చెల్లెలు సుసాన్నా మూడీ తన ‘రఫింగ్ ఇట్ ఇన్ ది బుష్’లో రాసింది. ఆ పుస్తకం 1852లో వచ్చింది. అడవి బతుకు మర్యాదస్తుల వల్ల కాదని సుసాన్నా హెచ్చరించింది. పోయేవాళ్లు పోతారు గనక పనికొచ్చే ముక్క చెబుదామని కేథరిన్ కూర్చుంది. పుట్టింట తెచ్చుకున్న విద్య ఒకటి, అక్కరకొచ్చిన విద్య మరొకటి అని ఆవిడకు ఇరవయ్యేళ్ల కాపురంలో తెలిసొచ్చింది. తోట వేయడాన్ని సోకు కింద జమకట్టి ఏళ్ల తరబడి వాయిదా వేసే రైతుల మీద గైడ్‌లో ఆవిడకు గట్టి ఫిర్యాదే ఉంది.

ఇంత చెప్పిన మనిషి సంసారం మాత్రం ఏనాడూ తేరుకోలేదు. థామస్‌కు సేద్యం అచ్చిరాలేదు. తొలి పొలం అమ్మేశారు, ఇళ్లు మారారు. తొమ్మిదిమంది పిల్లల్లో ఇద్దరు పసితనంలోనే పోయారు. రైస్ లేక్ పక్కన ఉన్న ఇల్లు ‘ఓక్‌ల్యాండ్స్’ 1857లో కాలిపోయింది. రెండేళ్లకు థామస్ కన్నుమూశాడు.

గైడ్ టొరంటోలో అచ్చవుతున్న 1854లోనే జాన్ రెడ్‌పాత్ మాంట్రియల్‌లో పంచదార శుద్ధి కర్మాగారం తెరిచాడు. అదే ఏడు కోబోర్గ్ నుంచి రైస్ లేక్ మీదుగా పీటర్‌బరోకు రైలు నడిచింది. సరస్సు మీది వంతెన మంచు తాకిడికి కొన్నేళ్లలోనే శిథిలమైంది గానీ, సరుకు దూరం నుంచి రావడం అప్పటికే అలవాటైపోయింది. 1858లో జాన్ మేసన్ మరమూత గాజు సీసాకు పేటెంట్ తీసుకున్నాడు. చక్కెర చవకై, సీసా దొరికాక మురబ్బా ప్రతి ఇంటి అటకా ఎక్కింది. కేథరిన్ నేర్పిన ఉపాయాలు చాలావరకు ఒక తరంలోనే పాతబడ్డాయి.

ఆవిడ మాత్రం మొక్కల్ని వదల్లేదు. 1868లో కెనడా అడవి పూల మీద, 1885లో అక్కడి మొక్కల జీవితం మీద పుస్తకాలు తెచ్చింది, 1899లో లేక్‌ఫీల్డ్‌లో తొంభై ఏడో ఏట కన్నుమూసింది. గైడ్‌ను నథాలీ కుక్, ఫియోనా లూకస్ అనే ఇద్దరు పరిశోధకులు 2017లో వివరాలతో మళ్లీ అచ్చు వేయించారు. పాతకాలపు కొలతలూ పొయ్యిలూ రొట్టె పులిపించే పద్ధతులూ ఈనాటి వంటింటికి ఎలా మలుచుకోవాలో చెప్పే భాగాన్ని వాళ్లు దానికి జతచేశారు.