పాటయు, ప్రసంగమును: గడచిన దశాబ్దములను స్మరించు విధము

గడచిన యొక దశాబ్దమును నేటివారి మనస్సునకు దెచ్చుటకు రెండు సాధనములు తరచుగా జంటగా వినియోగింపబడుచున్నవి. ఒకటి ఆనాటి నాయకుల ప్రసంగము; రెండవది ఆనాడు జనుల నోట నాడిన పాట. ప్రసంగము ప్రజలకేమి చెప్పబడినదో తెలుపును. పాట దానిని వారెట్లు తమదిగా జేసికొనిరో తెలుపును. రెంటిని సరిగా జేర్చి వినిపించినచో చరిత్ర కన్నులకు గట్టును. తగనివానిని జేర్చినచో జరుగని చరిత్ర జరిగినట్లు తోచును. చిక్కబళ్ళాపురము తాలూకాలోని మండికల్‌కును, చుట్టునున్న బాగేపల్లి, చింతామణి సీమలకును ఈ విచారణ మిక్కిలి యవసరము. ఏలయన, ఇచ్చటి తెలుగువారికి ఇంటిభాష యొకటి, ప్రభుత్వభాష వేరొకటి.

ఈ జంట తెలుగుదేశమున నెట్లు పుట్టినదో చూడవలెనన్నచో 1907వ సంవత్సరమునకు బోవలెను. వంగవిభజనముచే రేగిన స్వదేశోద్యమమును వ్యాపింపజేయుటకు బిపినచంద్రపాలు ఆ యేటి ఏప్రిలులో రాజమహేంద్రవరమునకు వచ్చి యాంగ్లమున నుపన్యసించెను. వానిని తెనిగించి సభకు వినిపించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. దేశమును పాడియావుతోను, ప్రజలను దూడలతోను బోల్చిన వారి ప్రసిద్ధపద్యము ఆ సభలలోనే వెలువడినది. పాలుగారి వాక్యములు నేడు చరిత్ర చదివినవారికే తెలియును. ఆ పద్యము చదువురాని వారికిని వచ్చును. పరభాషలోని ప్రసంగము తెలుగువారి హృదయమును జేరుటకు పద్యము వాహనమైనది. ఇచ్చట పాటయు ప్రసంగమును తరువాతివారు జతపరచినవి కావు; ఒకే సభలో కవలలై పుట్టినవి.

1921లో సహాయనిరాకరణోద్యమము వచ్చెను. చీరాల పేరాలలలో పురపాలక సంఘపు పన్నులను నిరాకరించి, ప్రజలు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసికొని పదునొకండు నెలలు నివసించిరి. వారి నాయకుడు, రామదండును గూర్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు వక్తయు, గాయకుడు గూడ. ఆ దినములలోనే గరిమెళ్ళ సత్యనారాయణగారు తెల్లదొరతనమును నిరసించుచు వ్రాసిన పాట ఊరూర మారుమ్రోగి, కవిని కారాగారమున కంపినది. పాటకు శిక్ష విధించిన ప్రభుత్వము దాని బలమును తానే యొప్పుకొన్నదనవచ్చును.

తరువాతి దశాబ్దమున చలనచిత్రమును, గ్రామఫోనును పాటకు క్రొత్త రెక్కలు దెచ్చినవి. గూడవల్లి రామబ్రహ్మముగారి ‘మాలపిల్ల’ 1938లోను, ‘రైతుబిడ్డ’ 1939లోను వెలువడినవి. మొదటిది హరిజనోద్ధరణమును, రెండవది జమీందారీ గ్రామములలోని రైతుల కష్టమును దెలిపినవి. ఆచార్య రంగాగారి రైతుసభల యుపన్యాసముల ప్రక్కన ‘రైతుబిడ్డ’ పాటలను నిలిపినచో ఆ కాలపు సమస్య యొకటే రెండు గొంతుకలతో వినబడును.

కాని యిచ్చట నొక హెచ్చరిక యవసరము. ‘మాలపిల్ల’లో వినబడిన బసవరాజు అప్పారావుగారి పాటలు చిత్రమునకు ముందే పుట్టినవి; కవి 1933లోనే గతించెను. శంకరంబాడి సుందరాచారిగారి తెలుగుతల్లి గీతము 1942లో వ్రాయబడినది. టంగుటూరి సూర్యకుమారిగారి కంఠమున వ్యాపించి, 1975లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమైనది. దానిని 1913 నాటి బాపట్ల ఆంధ్రమహాసభకు జతపరచినచో వినుటకు మధురముగానే యుండును. కాని యది చరిత్ర గాదు. పాటకు పుట్టిన యేడొకటి, వ్యాపించిన యేడొకటి, గౌరవము పొందిన యేడొకటి యుండును. వీనిలో దేనిని స్మరించుచున్నామో చెప్పవలెను.

1947 ఆగస్టు 14వ తేది రాత్రి రాజ్యాంగసభ సమావేశము సుచేతా కృపలానీగారి వందేమాతరగానముతో నారంభమైనది. పిదప నెహ్రూగారు ప్రసంగించిరి. ఆనాటి కార్యక్రమమే పాటను ప్రసంగమును వరుసగా నిలిపినది. అట్టి జంటను యథాతథముగా వినిపించుట న్యాయము.

ఇక మండికల్ సీమ సంగతి. ఇచ్చటి దశాబ్దమును స్మరింపవలెనన్నచో రాజమహేంద్రవరము నెరువు దెచ్చుకొన నక్కరలేదు. 1938 ఏప్రిలులో మైసూరు సంస్థానమున శివపురమునందు ధ్వజసత్యాగ్రహము జరిగినది. ఆ నెల 25వ తేదిని గౌరీబిదనూరు తాలూకాలో, హిందూపురమునకు చేరువనున్న విదురాశ్వత్థమున గుమిగూడిన జనులపై పోలీసులు కాల్పులు జరిపిరి. మృతులు పదిమందియని ప్రభుత్వము చెప్పినది. ముప్పదికి మించిరని ప్రజల లెక్క. పిమ్మట సర్దారు పటేలు వచ్చి దివాను మీర్జా ఇస్మాయిలుతో సంప్రదించగా మైసూరు కాంగ్రెసునకు గుర్తింపు లభించినది. 1947 అక్టోబరులో కోలారు జిల్లావారగు కె.సి. రెడ్డిగారు మైసూరునకు మొదటి ముఖ్యమంత్రియైరి. నాటి కోలారు జిల్లాలోని యీ తాలూకాలే 2007లో చిక్కబళ్ళాపురము జిల్లాయైనవి.

ఈ కథను వినిపించునపుడు దాని ప్రక్కన నే పాట నుంచవలెను? చింతామణి తాలూకా కైవారమునకు జెందిన నారాయణ తాతయ్యగారి తెలుగు కీర్తనములు ఈ సీమ భజనలలో పాడబడును. ఆ కీర్తనములు వేదాంతపరములు. వానిని కాల్పుల వృత్తాంతమునకు జోడించి ఉద్యమగీతములుగా జూపుట సరిగాదు. అయినను ఇచ్చటి శ్రోత చెవి యే భాషలోని పాటకు మరగినదో అవి చాటుచున్నవి. అట్లే, కన్నడప్రసంగము ప్రక్కన తెలుగుపాట నుంచుట ఈ సీమలో దోషము గాదు. రాజమహేంద్రవరమున నాంగ్లవాక్యము తెలుగు పద్యమును బ్రేరేపింపలేదా? రెండు భాషల నడుమ బ్రతికిన జనుల చరిత్ర రెండు భాషలలోనే వినబడవలెను.

ప్రసంగములకు పత్రికలు, ప్రభుత్వపు దస్తరములు తోడున్నవి. నాట్లలోను, భజనలలోను, జాతరలలోను పాడిన పాటకు మనుష్యుల జ్ఞాపకమే దస్తరము. కన్నడబడిలో చదువుకొన్న పిల్లలు అవ్వ పాడిన తెలుగుపాటను వ్రాసికొనుటకు లిపి నెరుగనిచో, ఆ దస్తరము ఆమెతోనే మూయబడును. కావున ఉత్సవములలో పాతదినములను వినిపింపగోరు సంఘములవారు మొదట సేకరణకు బూనుకొనవలెను. ప్రతి పాటకును పాడిన ఊరు, నేర్చుకొన్న కాలము, నేర్పినవారు, పాడిన సందర్భము గుర్తుంచవలెను. కన్నడలిపిలో వ్రాసినను తప్పులేదు. తెలుగుమాట నిలుచుట ముఖ్యము. అట్లు చేసిననాడు మండికల్ పిల్లలు తమ తాతల కాలమును పరుల పాటలో వెదకుకొన నక్కరయుండదు.