అతుకుల సంచి: బొంతకుట్టు చరిత్ర

పొందికలేని రచనను, పొసగని మాటను మనము 'అతుకుల బొంత' యని తీసిపారవేయుదుము. 'గంతకు తగ్గ బొంత' యను సామెతలోను బొంతకు గౌరవము తక్కువే. ఎన్నడైన బొంత కుట్టి చూచినవారు ఈ మాటను ఇంత తేలికగా వాడియుండరు. చినిగిన చీరలో చినుగని భాగ మెంతయున్నదో కనిపెట్టి, రంగుకు రంగు పొదిగి, మూడు పొరలను ఒక్క సూదితో కలిపి, మరల కొన్నేండ్లు మన్నునట్లు చేయుట చిన్నపని కాదు. ఆ పనికి ఒక చరిత్ర కలదు. అది మన వస్త్రవ్యాపార చరిత్రకు లోపలి అస్తరు వంటిది, పైకి కనబడదు.

శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలములో సముద్రపుటొడ్డున భావనపాడు అను మత్స్యకార గ్రామము కలదు. దానికి చేరువనే నౌపడ ఉప్పుమడులు. దక్షిణమున కళింగపట్నము, ఉత్తరమున బారువ, ఒకప్పుడు ఓడలు వచ్చిపోయిన రేవులు. ఈ తీరమును గురించి వ్రాసినవారు రేవులను, సరకులను వర్ణించిరి. ఆ సరకులలో గుడ్డకు పెద్దస్థానము కలదు. ప్రాచీన తమిళములో 'కలింగము' అను పదమునకు వస్త్రమని అర్థము. కళింగదేశపు పేరే నేతగుడ్డకు పేరైనదని పండితు లందురు. అయితే ఓడ నెక్కిన గుడ్డ కథ యొకటి, ఇంట నిలిచిన గుడ్డ కథ యొకటి. మొదటిది లెక్కపుస్తకముల కెక్కినది. రెండవది బొంతలలోనే యున్నది. నేటి ప్రసంగము ముఖ్యముగా ఈ రెండవ కథను గురించి.

అతుకుట యనునది పేదరికము నేర్పిన విద్య మాత్రమే యని తలంపరాదు. కళింగపట్నమునకు దగ్గర, వంశధార యొడ్డున, శాలిహుండము కొండపై బౌద్ధస్తూపముల శిథిలములు కలవు. 1919లో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు వానిని లోకమునకు తెలియజేసిరి. బౌద్ధభిక్షువులు ధరించు చీవరము అతుకుల వస్త్రమే. దానిని గురించి వినయపిటకములో నొక కథ కలదు. మగధదేశపు వరిమడులను, వాని నడుమ గట్లను చూపి, ఆ పొందికలో చీవరమును కూర్పగలవా యని బుద్ధుడు ఆనందుని అడిగెను. ఆనందుడు అట్లే సిద్ధపరచెను. ముక్కలు చేసి కుట్టిన వస్త్రమునకు దొంగ ఆశపడడు. అది సన్న్యాసికి తగియుండును. సంస్కృతమున అతుకుల వస్త్రమును కంథ యందురు. వంగదేశపు స్త్రీల కాంథా కుట్టు ఆ పేరిటిదే. కాంథాకును మన బొంతకును మూలసూత్రము ఒక్కటే: పాతచీరలను పొరలుగా పరచి, సూదిని దించుచు తీయుచు సాగు సాదాకుట్టుతో వానిని ఏకము చేయుట.

సంచికిని మన భాషలో పేర్లు తక్కువ కావు. తమలపాకులకు అడపము, భిక్షకు జోలె, నాణెములకు తిత్తి, ఎద్దు వీపునకు కంటలము. తీరమునకును లోనాడుకును నడుమ ఉప్పును, ధాన్యమును ఎద్దులపై మోయించి వర్తకము సాగించిన బంజారాలు ఈ సంచుల పనిలో ప్రవీణులు. వారి స్త్రీలు రంగుముక్కలను అతికి, పలు పొరలను దట్టముగా కుట్టి, అద్దములు, గవ్వలు కూర్చిన సంచులు నేటికిని ఆదరణ పొందుచున్నవి. నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో చిన్నరైలు నడువసాగెను. రైళ్ళు వచ్చినకొలది ఎద్దుల బిడారులు తగ్గినవి. సంచి కుట్టు చేయి మాత్రము నిలిచినది.

ఇక ఓడ నెక్కిన గుడ్డ సంగతి. 1682లో ఇంగ్లీషు కంపెనీ విశాఖపట్టణమున తన వర్తకశాలను నెలకొల్పెను. ఉత్తర సర్కారుల నేతగుడ్డను వర్తకులు పుంజముల లెక్కన కొనుచుండిరి. పుంజ మనగా 120 పోగులు. పుంజములు హెచ్చినకొలది గుడ్డ మేలైనది. మచిలీపట్టణము మొదలైన చోట్ల అద్దిన రంగుగుడ్డలు ఐరోపాలో చింట్సు అను పేర ప్రసిద్ధి కెక్కినవి. అక్కడి నేతగాండ్రు తమ బ్రతుకు చెడుచున్నదని మొరపెట్టగా, ఇంగ్లండు పార్లమెంటు 1700లో అట్టి గుడ్డల దిగుమతిని, 1721లో వాని వాడుకను నిషేధించెను. దొరకని గుడ్డకు విలువ హెచ్చును. చిన్నముక్కనైనను పారవేయుటకు మనసు రాదు. ఇంగ్లండు వాయవ్యభాగమున లెవెన్సు హాలు అను పురాతన భవనములో భారతీయ చింట్సు ముక్కలతో కుట్టిన యొక దుప్పటి కలదు. అది 1708 ప్రాంతమున కుట్టినదని చెప్పుదురు. ఆ దేశమున నిలిచియున్న అతుకుల పనులలో మిక్కిలి ప్రాచీనములైనవానిలో అది యొకటి.

మన దేశపు ముక్కలు అక్కడ మూడువందల యేండ్లుగా భద్రముగా నున్నవి. మన యిండ్లలో అంత పాత బొంత నొక్కదానిని చూపుట కష్టము. దీనికి అశ్రద్ధ కారణము కాదు. చీర చినిగినచో బొంత యగును. బొంత చినిగినచో పసిబిడ్డకు పొత్తిగుడ్డ యగును. అదియు చినిగినచో మసిగుడ్డ. చివరకు దీపపు వత్తి. కడదాక ఉపయోగపడిన వస్తువు ప్రదర్శనశాలకు చేరదు. దీనికి తోడు ఉప్పుగాలి, తేమ, 2018 అక్టోబరులో ఈ జిల్లాను కుదిపిన తిత్లీ వంటి తుపానులు. కావున ఈ కుట్టునకు కుట్టువారి చేతులు తప్ప వేరు భాండాగారము లేదు. తల్లి చేతినుండి కూతురి చేతికి అందనిచో ఒక్క తరములో అంతరించును.

కుట్టుమిషను వచ్చి చేతికుట్టును చెరచినదని కొందరి వాదము. యంత్రములను గురించి 1924లో ప్రశ్న వచ్చినప్పుడు గాంధీమహాత్ముడు సింగరు కుట్టుమిషనును మినహాయించెను. భార్య పడు శ్రమను చూడలేక, ఆమెపై ప్రేమచేత సింగరు దానిని కల్పించెనని వారు చెప్పిరి. 1930లలో కలకత్తాలో ఉషా మిషనుల తయారీ మొదలైన పిదప మిషను మన యిండ్లకును వచ్చెను. పొడవైన అతుకులకు మిషను మేలు; పొరలను కలుపుటకు చేయి మేలు. రెండును కలిసి పనిచేయవచ్చును. ఈ జిల్లాలోనే పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రపరచి సన్నపు నూలు వడకు నేర్పు నిలిచియున్నది. కొనువారు, నేర్చువారు ఉన్నంతకాలమే చేతిపని నిలుచును.

ఇంట సంచి కుట్టు విధ మిది. ఐదంగుళముల చదరపు ముక్కలు 32 కత్తిరింపవలెను. పాత నూలుచీరలలో అంచుదగ్గర గట్టిగా నున్న భాగము మేలు. గుడ్డను ముందే ఉతికి ఆరవేయవలెను. లేనిచో తరువాత కుదించుకొని సంచి ముడుతలు పడును. ముక్క చుట్టును అరయంగుళము కుట్టునకు విడువగా నాలుగంగుళములు మిగులును. వరుసకు నాలుగు చొప్పున నాలుగు వరుసలు కలిపినచో ఒక ముఖము, ఇట్టివి రెండు. ముఖము క్రింద పాతదుప్పటి ముక్కను, దాని క్రింద అస్తరును పరచి, జారకుండ పెద్ద టాకాలు వేయవలెను. పిదప నడుమ నుండి అంచులకు, వ్రేలెడు ఎడముగా వరుసలు కుట్టవలెను. అంచుల నుండి నడుమకు వచ్చినచో గుడ్డ మధ్యలో ఉబ్బును. వరుసలు దగ్గరగా నున్నచో బరువును అన్నియు పంచుకొనును. ఒక్క దారము తెగినను ప్రక్కవరుస పట్టియుండును. బొంత మన్నికకు రహస్య మిదియే. తరువాత రెండు ముఖములను మూడువైపుల కలిపి, మూతి యంచును లోనికి మడచి కుట్టవలెను. నాలుగంగుళముల వెడల్పు పట్టీలను నాలుగు మడతలు పెట్టి పిడులు చేసి, వాని కొనలను చదరముగా కుట్టి, ఆ చదరములో మూలనుండి మూలకు మరల కుట్టినచో బియ్యము మోసినను ఊడవు.

ప్లాస్టికు సంచి వచ్చి గుడ్డసంచిని వెనుకకు నెట్టినది. 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకంటె పలుచని ప్లాస్టికు సంచులు మన దేశమున నిషిద్ధములు. గుడ్డసంచికి మరల కాలము వచ్చినది. కుట్టు నేర్పువారు ఇంట నుండగనే వచ్చినది. 2023 ఏప్రిలులో భావనపాడు చేరువ మూలపేటలో కొత్త ఓడరేవునకు శంకుస్థాపన జరిగినది. రేవు ఉన్నచోట లెక్కపుస్తకములు తెరువబడును. ఏ ఓడలో ఏ సరకు ఎంత వెళ్ళినదో వ్రాయబడును. ఇంట మిగిలిన గుడ్డ లెక్కను మనమే వ్రాసికొనవలెను. ఇంట పెద్దవారున్నచో వారి ప్రక్కన కూర్చుండి ఒక్క సంచినైన కుట్టి నేర్చుకొనుడు. ఏ ముక్క ఎవరి చీరదో అడుగుడు. అస్తరుపై కుట్టినవారి పేరును, సంవత్సరమును దారముతో కుట్టి ఉంచుడు. ఇంట నిలిచిన గుడ్డ కథను వ్రాయబూనువారికి మొదటి ఆధార మదియే యగును.