విజయనగరం కోట వీధులు, పాత ఇళ్ళు

ఉత్తరాంధ్రలోని విజయనగరం పట్టణానికి నడిబొడ్డు పూసపాటి రాజుల కోట. దాని సింహద్వారం ముందరి బొంకులదిబ్బ నుంచి గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి వరకూ సాగే రాజవీధి, ఆ వీధికి అటూ ఇటూ చీలిపోయే ఇరుకు వీధులు, వాటిలో గోడకు గోడ ఆనించి కట్టిన పెంకుటిళ్ళు కలిసి పాతపట్నం అవుతాయి. ఆధునిక తెలుగు నాటకానికీ, హరికథకూ, వాయులీనానికీ ఈ కొద్దిపాటి నేల ఇచ్చినంత మరే తెలుగు పట్టణపు పాతపేటా ఇవ్వలేదంటే అతిశయోక్తి కాదు. కోటను చూసేందుకు వచ్చేవారు వీధులను చూడకుండా వెళ్తే సగం చరిత్రే చూసినట్టు.

పూసపాటి వంశీకుల తొలి రాజధాని దగ్గరలోని కుమిలి. అక్కడి నుంచి మారాలనుకున్నప్పుడు, ఈ ప్రాంతపు అడవిలో తపస్సు చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ముస్లిం సాధువు కోటకు చోటు చూపించాడని స్థానిక ఐతిహ్యం. విజయరామరాజు 1713లో శంకుస్థాపన చేశాడు. అది విజయ నామ సంవత్సరం, తిథి విజయదశమి, జయవారమని పిలిచే మంగళవారం. కట్టించిన రాజు పేరులో విజయం, ఊరి పేరులో విజయం. ఇన్ని విజయాలు ఒకచోట కుదిరేలా ముహూర్తం పెట్టారని పట్టణంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కోట చతురస్రాకారంలో ఉంటుంది. ఒక్కో వైపు సుమారు 240 మీటర్లు, గోడల ఎత్తు పది మీటర్ల దాకా. నాలుగు మూలలా బురుజులు, చుట్టూ ఒకప్పుడు నీటి కందకం, రెండు ప్రధాన ద్వారాలు ఉన్నాయి. తూర్పున నగారాఖానా ఉన్న సింహద్వారంలో రాజస్థానీ పోకడలు కనిపిస్తాయి. పడమటి ద్వారం దారి రాజకుటుంబీకుల సమాధుల వైపు వెళ్తుంది. కొండమీద కట్టిన దుర్గం కాదిది. సమతలంలో, జనం మధ్య కట్టింది. గోల్కొండలోనో కొండపల్లిలోనో కోట ఎక్కడుందో ఊళ్ళో ఏ మూల నిలబడినా తెలుస్తుంది. ఇక్కడ వీధి మలుపు తిరిగేదాకా కోటగోడ కంటబడదు. కోటకూ జనావాసానికీ మధ్య దూరం అంత తక్కువ కావడమే ఈ వీధుల చరిత్రను మలిచింది.

కోట కట్టిన తొలి ఎనభై ఏళ్ళూ యుద్ధాలతోనే గడిచాయి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సాయంతో పెద విజయరామరాజు బొబ్బిలి కోటను పడగొట్టాడు. ఆ తరువాత కొద్ది రోజులకే తన గుడారంలో బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో హతమయ్యాడు. మరుసటి ఏడాది డిసెంబరులో ఆనందగజపతిరాజు ఇంగ్లీషు కర్నల్ ఫోర్డుతో కలిసి చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించాడు. తూర్పుతీరంలో ఫ్రెంచి పలుకుబడిని గట్టిగా దెబ్బతీసిన పోరు అది. ఆదుకున్న ఈస్టిండియా కంపెనీయే తర్వాత పేష్కషు (కప్పం) బకాయిలంటూ సంస్థానం మెడమీద కూర్చుంది. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేనను ఎదిరించి చిన విజయరామరాజు ప్రాణాలు విడిచాడు. 1802 శాశ్వత పరిష్కారంతో పూసపాటివారు జమీందార్లుగా మిగిలారు. యుద్ధం చేసే అవసరమూ అధికారమూ రెండూ పోయాయి. కోట చుట్టూ పట్టణం నిజంగా పెరిగింది ఆ తరువాతే.

పెరుగుదలకు కారణాలు పైకి కనిపించేవే. సంస్థానం కచేరీలో రాతకోతలకు గుమాస్తాలు కావాలి, వారు కోటకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉండాలి. పురోహితులు, వైద్యులు, దివాణపు పండితులు, కంసాలులు, గాయకులు, వర్తకులు ఒకరి వెనక ఒకరు చేరారు. దివాణం ఇచ్చిన స్థలాల్లో కొన్ని ఇళ్ళు లేచాయి, కొలువులో కూడబెట్టిన డబ్బుతో మరికొన్ని. ఊరి మరో పక్క కంపెనీ పటాలాలు దిగిన చోటుకు కంటోన్మెంట్ అన్న పేరు నిలిచిపోయింది. అక్కడి విశాలమైన బంగళాలకూ, కోట దగ్గరి ఇరుకు వీధులకూ ఉన్న తేడా నేటికీ తెలిసిపోతుంది. విజయరామ గజపతిరాజు 1848లో సంస్థానం చేతికి తీసుకున్నాక నిర్మాణాలు జోరందుకున్నాయి. 1857లో పెట్టిన పాఠశాల 1879 నాటికి కళాశాల అయింది. 1860లో సంస్కృత పాఠశాల వెలిసింది. 1869లో కోట లోపల మోతీమహల్, వెలుపల మూడు లాంతర్ల స్తంభం నిలిచాయి. 1885లో గంటస్తంభం లేచింది. 1888లో పురపాలక సంఘం ఏర్పడింది. రాజవీధి ఆనవాళ్ళన్నీ ఇలా ముప్పై నలభై ఏళ్ళలోనే రూపు కట్టాయి.

ఈ వీధుల్లోని ఇంటి కట్టుబడి వేరు. తెనాలి, రేపల్లె వైపు డెల్టా ఊళ్ళలో మోతుబరి మండువా లోగిలి తన ప్రహరీ మధ్య విడిగా నిలబడుతుంది. నాలుగు వైపులా చోటుంటుంది, గాదె, గడ్డివామి, పశువులపాక వేరేగా ఉంటాయి. విజయనగరం పాతపేటలో అంత నేల లేదు. ఇంటి ముఖం సన్నం, లోతు చాలా ఎక్కువ. పక్కింటికీ ఈ ఇంటికీ మధ్య గోడ ఉమ్మడిది. వరసలో ఎన్ని ఇళ్ళున్నా పెంకు కప్పు ఒకటే పొడుగున సాగిపోయినట్టు కనిపిస్తుంది. పక్కల నుంచి కిటికీలకు వీలుండదు కాబట్టి గాలీ వెలుతురూ వీధి వైపు నుంచీ, పెరటి వైపు నుంచీ, మధ్యలో ఆకాశానికి తెరిచి ఉంచిన మండువా నుంచీ రావాలి. వీధి గుమ్మంలో నిలబడితే నడవ, చావడి, మండువా, వంటిల్లు, పెరటి గుమ్మం వరసగా ఒకే సూటిలో ఉంటాయి. అన్ని తలుపులూ తీసి ఉంటే పెరట్లోని నూతి గట్టు వీధిలోకి కనిపిస్తుంది. సంగీత సాధనకు ఈ అమరిక ఎంత అనువైందో పక్కింటివారికి బాగా తెలుసు: ఉమ్మడి గోడ అవతల వరసలు పాడే పిల్లవాడి తప్పు ఇవతలి ఇంట్లో పట్టేసేవారు.

ముఖ్యమైన భాగం అరుగు. వీధి గుమ్మానికి రెండు పక్కలా నడుమెత్తున, ఇంటి ముఖం పొడవునా కట్టిన ఈ అరుగుల మీదికి చూరు వంగి ఉంటుంది. రాతి దిమ్మ మీద నిలిపిన కర్ర స్తంభాలు దాన్ని మోస్తాయి. ద్వారబంధానికి అటూ ఇటూ గోడలో దీపపు గూళ్ళు, గడపకు పసుపు కుంకుమ, గుమ్మం మీద మామిడాకులు చెక్కిన కమ్మీ, ఊచల కిటికీ. కట్టుబడికి ఇటుక, గానుగ సున్నం, పైన గూనపెంకు. స్థితిమంతులు పై అంతస్తు వేసి మేడ అనిపించుకున్నారు. దూలాల మీద ఇటుక పరిచి సున్నం వేసి దంచిన మిద్దెలు తరువాత వచ్చాయి. అరుగు ఇంటివారిదే అయినా దానిమీద హక్కు వీధి అందరిదీ. బాటసారి కూర్చోవచ్చు, పిల్లలు చదువుకోవచ్చు, సాయంత్రం చదరంగమో పురాణమో నడవవచ్చు. ఒక ఇంటి అరుగు నుంచి పక్కింటి అరుగు మీదికి కిందకు దిగకుండానే అడుగు వేయగలిగిన వరసలుండేవి.

ఈ ఇళ్ళు తమవారికే కాదు, పైవారికీ నీడనిచ్చాయి. కళాశాలకూ సంస్కృత పాఠశాలకూ పల్లెల నుంచి వచ్చిన బీద పిల్లలు వారాలు చేసుకొని చదివారు, అంటే వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట భోజనం. కోర్టు పనులకూ దివాణం పనులకూ వచ్చేవారికి పూటకూళ్ళ ఇళ్ళుండేవి. గురజాడ అప్పారావు కన్యాశుల్కం ఈ లోకాన్నే రంగం మీదికి ఎక్కించింది. గిరీశం మొదటి రంగంలోనే బొంకులదిబ్బ మీద కనిపిస్తాడు. పూటకూళ్ళమ్మ, మధురవాణి ఇలాంటి వీధుల్లో ఉండదగిన మనుషులు. 1892లో జగన్నాథ విలాసినీ సభవారు నాటకాన్ని విజయనగరంలోనే తొలిసారి ఆడారు. 1897లో అచ్చయి అప్పటి మహారాజు ఆనందగజపతికి అంకితమైంది. 1909లో వచ్చిన రెండో కూర్పు పూర్తిగా తిరగరాసినది. పాఠకులు ఇప్పుడు చదివేది దాన్నే. కోట దయమీద బతుకుతున్న వీధి తన మాట తీరును దాచకుండా అదే కోట ముందు వినిపించడం, రాజు దాన్ని అంకితం పుచ్చుకోవడం తెలుగు సాహిత్యంలో గొప్ప ఘట్టం.

గురజాడ (1862–1915) నివసించిన ఇల్లు కోటకు చేరువలోనే ఉంది. ఇప్పుడది స్మారక గృహం. ఆయన వాడిన వస్తువులు, చిత్రపటాలు అక్కడ భద్రపరిచారు. మహాకవి ఇల్లు అనగానే రాజభవనాన్ని ఊహించుకొని వచ్చేవారికి అది చిన్నదిగా తోస్తుంది. చూడవలసింది ఆ చిన్నతనాన్నే. సంస్థానంలో శాసన పరిశోధకుడిగా పనిచేసిన కవి మధ్యతరగతి వీధిలో, ఇరుగు పొరుగుల మాటలు చెవిన పడే చోట ఉన్నాడు. వ్యావహారిక భాషకు ఆయన చేసిన వాదనకు సాక్ష్యం గడప దాటితే వినిపించేది.

సాహిత్యానికి తోడు సంగీతమూ ఇక్కడ పెరిగింది. పట్టణపు సంగీత కళాశాల 1919లో మొదలైంది. హరికథకులు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) తొలి అధ్యక్షులు. అక్కడ వాయులీనం చెప్పిన ద్వారం వెంకటస్వామినాయుడు 1936లో ఆ పదవిలోకి వచ్చారు. గాయకుడు గంటసాల వెంకటేశ్వరరావు ఇక్కడ చదువుకునేందుకు వచ్చి పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర చేరారు. మధూకరం ఎత్తి, అంటే భుజాన జోలె వేసుకొని ఇంటింటా అన్నం అడిగి, కడుపు నింపుకున్న రోజులను ఆయన ఎన్నడూ దాచుకోలేదు. ఆ జోలెలో అన్నం వేసింది ఈ పట్టణపు వీధుల ఇల్లాళ్ళే. వారి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. గాయని పి. సుశీల కూడా ఈ కళాశాల విద్యార్థినే.

రాజవీధిని దాని నిండు రూపంలో చూడాలంటే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు చూడాలి. పైడితల్లి పెద విజయరామరాజు చెల్లెలని, బొబ్బిలి యుద్ధం వద్దని అన్నను వారించిందని, అన్న మరణవార్త విని పెద్దచెరువులో లీనమైందని నమ్మకం. విజయదశమి తరువాతి సోమవారం తొలేళ్ళ ఉత్సవం, మంగళవారం సిరిమాను. పొడవాటి చింతమాను కొసన పీట కట్టి, దానిమీద అమ్మవారి ప్రతిరూపంగా పూజారి కూర్చుంటాడు. బండిమీద అమర్చిన ఆ మాను మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట వరకు మూడు సార్లు తిరుగుతుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. జనం పూజారి మీదికి అరటిపళ్ళు విసురుతారు. పూసపాటివారు కోట బురుజు మీద కూర్చుని చూస్తారు. అరుగులు, మేడలు, డాబాలు చుట్టాలతో కిక్కిరిసిపోతాయి. ఆ ఒక్క రోజున వీధి పక్క ఇల్లున్నవారి కంటే భాగ్యవంతులు పట్టణంలో ఉండరు. వీధి వెడల్పు, అరుగుల ఎత్తు, మేడ వసారాల తీరు ఊరేగింపు చూడడానికే కట్టినట్టుంటాయి.

స్కాట్లండులోని ఎడిన్‌బరోలో కోట గుమ్మం నుంచి హోలీరూడ్ రాజభవనం దాకా సాగే రాయల్ మైలు వీధి ఇలాంటిదే. అక్కడా గోడకు గోడ ఆనిన ఇళ్ళు, ఇరుకు సందులు, ఒకే వీధిలో రాజోద్యోగులూ రచయితలూ. తేడా సంరక్షణలో ఉంది. అక్కడ పాత ఇంటి ముఖం మార్చాలంటే అనుమతి కావాలి. విజయనగరంలో అలాంటి కట్టుదిట్టం వీధికి లేదు.

జమీందారీలు 1948 చట్టంతో రద్దయ్యాక దివాణపు కొలువులు పోయాయి. 1958లో పూసపాటి వంశీకుడు పి.వి.జి. రాజు మాన్సాస్ ట్రస్టును స్థాపించి కోటను విద్యకు అప్పగించారు. రాజభవనాల్లో కళాశాలలు నడవసాగాయి. కోట బతికింది. ఇళ్ళకు అలాంటి దిక్కు దొరకలేదు. వాటాలు పంచుకున్న అన్నదమ్ములు పొడవాటి ఇంటిని నిలువునా చీల్చారు, మండువాలు మూసేశారు, రాజవీధి వైపు అరుగులు దుకాణాలయ్యాయి. ఉమ్మడి గోడతో చిక్కు ఏమిటంటే, ఒక ఇల్లు పడగొడితే పక్కింటి దూలం కొస గాలిలో వేలాడుతుంది. మధ్యలో ఒక్క అపార్టుమెంటు లేచిందంటే వరసంతా కదులుతుంది. మట్టి పెంకు వేసేవారు, గానుగ సున్నం కలిపేవారు కరువై, వానాకాలం కారే కప్పుకు రేకులే మందయ్యాయి. ఇంటివారిని తప్పుపట్టడం న్యాయం కాదు. నిలబెట్టుకునే ఖర్చు వారొక్కరే భరించలేరు.

2020లో రెండు దెబ్బలు వరసగా తగిలాయి. మోతీమహల్‌ను కూల్చారు. రోడ్డు, కూడలి పనుల్లో మూడు లాంతర్ల స్తంభం నేలమట్టమైంది. పట్టణంలో పెద్ద ఎత్తున నిరసన రావడంతో స్తంభాన్ని తిరిగి నిలిపారు. మోతీమహల్ తిరిగి రాలేదు.

పాతపేటను నడిచి చూడడమే పద్ధతి. వాహనం ఈ సందుల్లో అడ్డమే తప్ప ఉపయోగం కాదు. కోట సింహద్వారం, బొంకులదిబ్బ, గురజాడ ఇల్లు, సంగీత కళాశాల, గంటస్తంభం, మూడు లాంతర్లు, పైడితల్లి గుడి అన్నీ ఒక పూటలో నడిచేంత దగ్గరలో ఉన్నాయి. కోట లోపల కళాశాలలు నడుస్తాయి కాబట్టి ద్వారం దగ్గర అడిగి వెళ్ళాలి. దుకాణాలు తెరవక ముందు, తెల్లవారి ముగ్గులు ఆరకముందే రాజవీధిలో తల పైకెత్తి నడిస్తే, కింద అంగడి బోర్డులు కప్పేసిన ఇంటి అసలు ముఖం పై అంతస్తులో దొరుకుతుంది: చెక్క కమ్మీల వసారా, సున్నపు లతలు, పెంకు వాలు. లోపలి సందుల్లో ఉల్లివీధి లాంటి పాత పేర్ల వెంట వెళ్తే అరుగులున్న వరసలు కొన్ని ఇంకా కనిపిస్తాయి. అవి కాపురాలున్న ఇళ్ళు. అరుగు మీద పెద్దవారు ఎవరైనా కూర్చుని ఉంటే పలకరించి అనుమతి అడిగితే, మండువా చూపించి, ఏ దూలం ఎప్పుడు మార్చిందీ, ఏ గది ఏ తాతగారి వాటాకు వచ్చిందీ వారే చెబుతారు.